వంటగట్టుకు ఏ రాయి? గ్రానైట్, క్వార్ట్జ్ వాదాల సమీక్ష

కొత్త ఇల్లు కట్టుకునేవారికి, పాత వంటింటిని మార్చుకునేవారికి ఇవాళ ఒక ప్రశ్న తప్పడం లేదు. వంటగట్టుకు గ్రానైట్ వేయించాలా, క్వార్ట్జ్ వేయించాలా? ఒక తరం కిందట తెలుగు ఊళ్లలో ఈ ప్రశ్న లేదు. నల్ల గ్రానైటా, రంగు గ్రానైటా అన్నంతవరకే ఆలోచన సాగేది. ఇప్పుడు గ్రానైట్ అమ్మేవారు క్వార్ట్జ్‌ను ప్లాస్టిక్ కలిపిన రాయి అంటున్నారు. క్వార్ట్జ్ అమ్మేవారు గ్రానైట్ నూనె పీలుస్తుందంటున్నారు. ఇంటీరియర్ డిజైనర్ తెల్లటి గట్టు చూపిస్తే, మేస్త్రీ నల్లరాయిని మించింది లేదంటాడు. ఇంతలో ఆస్ట్రేలియా క్వార్ట్జ్‌ను నిషేధించిందన్న వార్త చేరి, ఇంట్లో ఉన్న గట్టుతోనే ప్రమాదమేమో అన్న భయం కూడా మొదలైంది.

ఈ మాటల్లో కొన్ని పూర్తి నిజాలు, కొన్ని సగం నిజాలు, కొన్ని కేవలం అమ్మకపు మాటలు. వాటిని విడదీసి, ఏది తేలిందో, ఏది తేలలేదో చెప్పడానికే ఈ సమీక్ష.

గట్టు మీదికి రాయి వచ్చిన దారి

నేల మీద కూర్చుని పొయ్యి ఊదుకునే రోజుల్లో వంటింట్లో గట్టు అవసరం పెద్దగా ఉండేది కాదు. గ్యాస్ పొయ్యితో నిలబడి వండడం అలవాటయ్యాకే రెండున్నర, మూడడుగుల ఎత్తున గట్టు కట్టడం మొదలైంది. దాని మీద ముందుగా పరిచింది దగ్గర్లో దొరికిన బండలనే. కడప నల్లబండ, బేతంచెర్ల రాయి, తాండూరు బండ ఇలా ఏ ప్రాంతానికి ఆ రాయి. ఇవన్నీ సున్నపురాయి జాతివి. చవకగా దొరుకుతాయి, పలకలుగా చీలతాయి. కానీ సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికి కాసేపుంటే మెరుపు పోయి మచ్చ పడుతుంది. ఆ మచ్చ తుడిస్తే పోయేది కాదు, రాయి పైపొర తినేసిన గుర్తు.

1990ల ఆర్థిక సంస్కరణల తర్వాత ఎగుమతుల కోసం గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్లు పెరిగాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. కరీంనగర్ టాన్ బ్రౌన్, ఖమ్మం నల్లరాయి, బల్లికురవ వైపు స్టీల్ గ్రే, శ్రీకాకుళం నీలిరాయి కూడా మార్కెట్లోకి వచ్చాయి. ఎగుమతికి పనికిరాని చిన్న పలకలు, కట్టర్ సైజ్ అని పిలిచేవి, స్థానికంగా చవకగా దొరకసాగాయి. రెండడుగుల వెడల్పున్న మన గట్టుకు అవి సరిగ్గా సరిపోయాయి. మధ్యతరగతి వంటింట్లోకి గ్రానైట్ వచ్చింది అలాగే.

క్వార్ట్జ్ కథ ఇటలీలో మొదలైంది. 1963లో మార్సెల్లో తొంచెల్లి స్థాపించిన బ్రెటన్ సంస్థ, రాతి పొడిని ప్లాస్టిక్ జిగురైన రెసిన్‌తో కలిపి గాలి తీసేసి, కంపనంతో ఒత్తి పలకలు చేసే యంత్రాలను రూపొందించింది. ఆ పరిజ్ఞానంతోనే 1987లో ఇజ్రాయెల్‌లో సీజర్‌స్టోన్, 1990లో స్పెయిన్‌లో సైల్‌స్టోన్ వచ్చాయి. హైదరాబాద్‌కు చెందిన గ్రానైట్ సంస్థ పోకర్ణ 2009లో విశాఖపట్నం దగ్గర, తర్వాత 2021లో హైదరాబాద్ శివారు మేకగూడలో ఇదే పరిజ్ఞానంతో క్వార్ట్జ్ ప్లాంట్లు పెట్టింది. అక్కడ తయారయ్యే పలకల్లో ఎక్కువ భాగం అమెరికా వంటిళ్లకు వెళ్తుంది. 2020లో అమెరికా భారత క్వార్ట్జ్‌పై యాంటీ డంపింగ్ సుంకం వేసిందంటే ఆ వ్యాపారం ఏ స్థాయికి చేరిందో ఊహించవచ్చు. అంటే ఈ వాదంలో ఉన్న రెండు రాళ్లూ తెలుగు నేల మీద తయారవుతున్నవే. ఒకటి సొంతది, ఇంకొకటి విదేశీ అన్న వాదనకు ఇక్కడ బలం లేదు.

అసలు ఏది ఏమిటి?

సగం తికమక పేర్ల వల్లే వస్తోంది. మార్కెట్లో గ్రానైట్ అంటే పాలిష్ పట్టే గట్టి రాయి ఏదైనా కావచ్చు. భూగర్భ శాస్త్రం ప్రకారం చూస్తే బ్లాక్ గెలాక్సీ గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి. అందులో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. నిజమైన గ్రానైట్‌లో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం కలిసి ఉంటాయి. నల్లరాళ్లలో పలుగు చాలా తక్కువ, కొన్నింట్లో దాదాపు ఉండదు. రాయి కోసేటప్పుడు లేచే దుమ్ము సంగతి వచ్చేసరికి ఈ తేడా చాలా ముఖ్యమవుతుంది.

క్వార్ట్జ్ అంటే పలుగురాయే. కానీ షోరూములో ఆ పేరుతో అమ్మేది కొండలోంచి కోసుకొచ్చిన పలుగు పలక కాదు. బరువులో సుమారు 90 శాతం పలుగు పొడి, రవ్వ, 7 నుంచి 10 శాతం పాలియెస్టర్ రెసిన్, మిగతాది రంగు. ఈ మూడూ కలిపి ఒత్తి, ఓవెన్లో గట్టిపరిచి, పాలిష్ పడతారు.

గ్రానైట్ పూర్తిగా ప్రకృతి సిద్ధం అన్న మాటనూ సరిచేసుకోవాలి. కొండలోంచి వచ్చిన రాయే అయినా, చాలా పలకలకు ఫ్యాక్టరీలోనే సన్నటి పగుళ్లు పూడ్చడానికి ఎపాక్సీ పూస్తారు, వెనక నెట్ అతికిస్తారు. కొన్ని నాసిరకం నల్లరాళ్లకు రంగు లేదా నూనె పట్టించి అమ్మడమూ ఉంది. తెల్లగుడ్డను అసిటోన్‌లో ముంచి రుద్దితే నలుపు అంటుకుంటే, ఆ నలుపు రాయిది కాదని తెలుసుకోవచ్చు.

వాదిస్తున్నది ఎవరు?

ఈ చర్చలో ప్రధానంగా నాలుగు పక్షాలు కనిపిస్తాయి.

మొదటిది మన్నిక పక్షం. మేస్త్రీలు, పెద్దవారు, రోజూ పెద్దయెత్తున వండేవారు ఎక్కువగా ఇటే ఉంటారు. వేడి గిన్నె దించినా, ఎండ పడినా, పాతికేళ్లు దాటినా తట్టుకునేదే గట్టు అన్నది వీరి కొలమానం.

రెండోది అందం, సౌలభ్యం కోరే పక్షం. డిజైనర్లు, అపార్ట్‌మెంట్లలో మాడ్యులర్ కిచెన్ చేయించుకునేవారు, విదేశాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఇటు మొగ్గుతారు. ఒకే రంగు, ఒకే గీత గట్టంతా రావాలన్నది, ఏటా సీలర్ (రాయి పీల్చకుండా వేసే పూత) పూయాల్సిన పని ఉండకూడదన్నది వీరి కోరిక.

మూడోది ఖర్చు పక్షం. ఏది చవక, మరమ్మతు ఎక్కడ దొరుకుతుంది, ఇల్లు అమ్మితే విలువ ఉంటుందా అని అడిగేవారు వీరు.

నాలుగోది ఆరోగ్య పక్షం. వైద్యులు, కార్మిక సంఘాలు, కొన్ని ప్రభుత్వాలు ఇందులో ఉన్నాయి. వీరు అడిగేది గట్టు వాడేవారి గురించి కాదు, దాన్ని కోసేవారి గురించి.

మన పత్రికల్లో, షోరూముల్లో మొదటి మూడు పక్షాల మాటే ఎక్కువ వినిపిస్తుంది. నాలుగోదాన్ని భయపెట్టే వార్తగానే చదివి వదిలేస్తున్నాం.

వంటింటి పరీక్షలు

వేడి: ఈ ఒక్క విషయంలో తేడా స్పష్టం. గ్రానైట్ లోతైన భూగర్భంలో కరిగిన శిల చల్లారి ఏర్పడింది. వంటింటి వేడి దానికి లెక్కలోనిది కాదు. క్వార్ట్జ్‌లోని పలుగు కూడా వేడిని తట్టుకుంటుంది, తట్టుకోలేనిది రెసిన్. 150 డిగ్రీల సెల్సియస్ దాటితే రెసిన్ పసుపెక్కడం, మాడటం, పలక పగలడం జరగవచ్చు. ప్రెషర్ కుక్కర్ లోపల సుమారు 120 డిగ్రీలు ఉంటుంది కాబట్టి ఒకసారి పొరపాటున దించితే ముప్పు తక్కువే. గారెలు వేయించే నూనె 180 డిగ్రీల దాకా వెళ్తుంది. దోసెలు పోసిన ఇనప పెనం, పోపు వేసిన మూకుడు అంతకంటే ఎక్కువ వేడెక్కగలవు. వాటిని నేరుగా క్వార్ట్జ్ మీద పెట్టకూడదు. క్వార్ట్జ్ వారంటీ పత్రాల్లో వేడి వల్ల కలిగే నష్టాన్ని సాధారణంగా మినహాయిస్తారు. పైగా మాడిన రెసిన్ మచ్చను పాలిష్ చేసి తీయడం కష్టం. గ్రానైట్ మెరుపు తగ్గితే మళ్లీ పాలిష్ పట్టవచ్చు.

మరక: ఇక్కడ క్వార్ట్జ్‌ది పైచేయి, కానీ చెప్పుకునేంత పెద్ద తేడా కాదు. క్వార్ట్జ్ నీటిని దాదాపు పీల్చదు. గ్రానైట్ కొద్దిగా పీలుస్తుంది. ఆ కొద్ది ఏ రకం గ్రానైట్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. దట్టమైన నల్లరాళ్లు చాలా తక్కువ పీలుస్తాయి. లేత రంగు, పెద్ద గింజ ఉన్నవి ఎక్కువ పీల్చి, నూనె చుక్క పడినచోట ముదురు మచ్చ చూపిస్తాయి. కొనేముందు పలక మీద నీటి చుక్కలు వేసి పావుగంట ఆగి చూస్తే చాలు. చుక్క పడినచోట రంగు ముదిరితే ఆ రాయికి సీలర్ తప్పనిసరి. నిమ్మచెక్కతో రుద్ది చూస్తే, గ్రానైట్ పేరుతో సున్నపురాయి అంటగడుతున్నారేమో కూడా తెలుస్తుంది.

పసుపు సంగతి వేరు. క్వార్ట్జ్‌కు మరక పట్టదన్న ప్రచారాన్ని నమ్మి తెల్ల గట్టు మీద తడి పసుపును రాత్రంతా వదిలేస్తే రెసిన్ మీద పసుపు నీడ మిగలవచ్చు. వెంటనే తుడిస్తే ఏ రాయి మీదా సమస్య లేదు. క్వార్ట్జ్‌ను గాఢమైన బ్లీచ్‌తో, అసిటోన్‌తో శుభ్రం చేయకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

దెబ్బ, గీత: స్టీలు కత్తి కంటే రెండూ గట్టివే. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద పలుగు 7, ఫెల్డ్‌స్పార్ 6, కత్తి సుమారు 5.5. రాతి రోలు, కల్వం జారిపడితే అంచులు రెండింటికీ చెక్కు లేస్తాయి. రెసిన్ వల్ల క్వార్ట్జ్‌కు కాస్త సాగే గుణం ఉంది. గ్రానైట్‌లో సహజమైన చీలిక ఉంటే, సింక్ కోసిన సన్నటి భాగంలో పగుళ్లు వస్తాయి.

ఎండ: బాల్కనీలో, వెనక పెరట్లో, యుటిలిటీలో గట్టు వేయాలంటే క్వార్ట్జ్ పనికిరాదు. అతినీలలోహిత కిరణాలకు రెసిన్ రంగు మారుతుంది. ఇందులో వివాదం లేదు.

రంగు, అతుకు: లేత రంగుల్లో క్వార్ట్జ్‌కు సాటి లేదు. ఎల్ ఆకారపు గట్టుకు వరసగా ఒకే రంగు పలకలు దొరుకుతాయి, అతుకు కూడా తక్కువ కనిపిస్తుంది. గ్రానైట్‌లో ఒకే లాట్ పలకలు ఎంచుకోకపోతే మూల దగ్గర రంగు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అమరిక: మేస్త్రీ ఇటుక గోడలు లేపి, సిమెంటుతో పలక పరిచే మన పాత పద్ధతికి గ్రానైట్ సరిగ్గా కుదురుతుంది. క్వార్ట్జ్‌ను ఎక్కువగా మాడ్యులర్ క్యాబినెట్ల మీద ప్లైవుడ్ ఆధారంతో, అంటించే పదార్థాలతో బిగిస్తారు. దానికి శిక్షణ ఉన్న పనివాళ్లు కావాలి. చిన్న ఊళ్లలో వారు దొరకడం ఇంకా కష్టమే.

రేడాన్: గ్రానైట్ నుంచి రేడాన్ వాయువు వస్తుందన్న భయం అమెరికాలో కొన్నేళ్ల కిందట బాగా వ్యాపించింది. ఇళ్లలో రేడాన్‌కు అసలు మూలం ఇంటి కింది నేలే అని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. గాలి ఆడే మన ఇళ్లలో ఈ కారణంతో గ్రానైట్‌ను వదులుకోనక్కర్లేదు.

ఖర్చు మాట

స్థానిక గ్రానైట్ ధరతో పోలిస్తే సాధారణ క్వార్ట్జ్ రెండు, మూడు రెట్లు ఉంటుంది. బిగింపు ఖర్చు దానికి అదనం. అయితే బ్రెజిల్ నుంచి వచ్చే అరుదైన గ్రానైట్ పలకలు క్వార్ట్జ్ కంటే ఖరీదైనవి. కాబట్టి గ్రానైట్ చవక, క్వార్ట్జ్ ఖరీదు అని గుడ్డిగా అనలేం. మన దగ్గర తీసిన రాయి మనకు చవక అన్నదే సరైన మాట. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ కోత, రవాణా, కూలి ఖర్చులే ఎక్కువ కాబట్టి రెండింటి మధ్య తేడా తగ్గిపోతుంది.

దుమ్ము: చర్చను మార్చేసిన అంశం

గట్టుగా బిగించాక క్వార్ట్జ్ నుంచి సిలికా గాలిలోకి రాదు. ఇంట్లో వండేవారికి, తినేవారికి దాని వల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి ముప్పు లేదు. ముప్పంతా కోసేటప్పుడు, రుద్దేటప్పుడు, సింక్ రంధ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములోనే ఉంది.

క్వార్ట్జ్ పలకలో 90 శాతానికి పైగా స్ఫటిక సిలికా ఉంటుంది. గ్రానైట్‌లో రకాన్ని బట్టి సుమారు 20 నుంచి 45 శాతం, నల్ల గాబ్రో జాతి రాళ్లలో ఇంకా చాలా తక్కువ. నీళ్లు లేకుండా గ్రైండర్‌తో కోస్తే కంటికి కనిపించని కణాలు ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లి మచ్చలు కడతాయి. ఈ మచ్చ తిరిగి మానదు. సాధారణంగా దశాబ్దాల తర్వాత కనిపించే సిలికోసిస్, క్వార్ట్జ్ కోసేవారిలో కొందరికి అయిదు, పదేళ్లలోనే బయటపడుతోంది. క్వార్ట్జ్ కోసేవారికి సిలికోసిస్ వస్తోందని ఇజ్రాయెల్ వైద్యులు 2012లోనే వెల్లడించారు. 2023లో కాలిఫోర్నియాలో అధ్యయనం చేసిన 52 మంది బాధితులు దాదాపు అందరూ లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చిన పనివారే. వారిలో 10 మంది చనిపోయారు. 2018కి ముందు నుంచీ ఈ పనిలో ఉన్నవారిలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి సిలికా వ్యాధి ఉందని ఆస్ట్రేలియా జాతీయ టాస్క్‌ఫోర్స్ 2021లో తేల్చింది. ఆ నేపథ్యంలోనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి క్వార్ట్జ్ పలకల తయారీని, సరఫరాను, అమరికను నిషేధించింది.

దీని మీద రెండు బలమైన వాదనలున్నాయి. తప్పు రాయిది కాదు, పొడిగా కోయడానిది అంటారు తయారీదారులు. నీటితో కోస్తే, దుమ్ము పీల్చే యంత్రాలు, సరైన మాస్కులు ఉంటే ప్రమాదాన్ని అదుపులో పెట్టవచ్చన్నది వారి మాట. ఆస్ట్రేలియా అధికారులు దీనికి ఒప్పుకోలేదు. నియమాలున్నా చిన్న షెడ్లలో అవి అమలు కాలేదని, సిలికా తగ్గించిన రకాలు సురక్షితమని రుజువు లేదని వారు తేల్చారు. కాలిఫోర్నియా నిషేధించలేదు, 2023 చివర్లో కోత మీద కఠిన నియమాలు తెచ్చింది.

మన సంగతి ఏమిటి? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను అధికారులకు తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల్లో చేర్చింది. కానీ నలుగురైదుగురు పనిచేసే కటింగ్ షెడ్లు, ఇంటి ముందే గ్రైండర్ పెట్టి కోసే మేస్త్రీలు ఆ రక్షణ బయటే ఉండిపోయారు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం చూసి క్షయ అనుకుని మందులు వాడే ప్రమాదమూ ఉంది. గ్రానైట్ కోసినా సిలికా దుమ్ము లేస్తుంది. కాబట్టి ఇది క్వార్ట్జ్ సమస్య మాత్రమే కాదు. క్వార్ట్జ్ దాన్ని చాలా తీవ్రం చేసింది.

కొండ ఖర్చు, రెసిన్ ఖర్చు

పర్యావరణం విషయంలో ఏ రాయికీ పూర్తి మార్కులు ఇవ్వలేం. కరీంనగర్ చుట్టూ గుట్టలు గ్రానైట్ కోసం కరిగిపోయాయి. క్వారీలో తవ్విన రాయిలో పెద్ద భాగం వ్యర్థంగా మిగులుతుంది. కోత యూనిట్ల నుంచి వచ్చే రాతిపొడి బురదను (స్లర్రీని) రోడ్ల పక్కన, చెరువుల దగ్గర పోయడం ప్రకాశం, పరిసర ప్రాంతాల్లో దీర్ఘకాల సమస్య. క్వార్ట్జ్‌కు పెద్ద బ్లాకులు అక్కర్లేదు, ముక్కలూ పనికొస్తాయి. కానీ పలుగూ గనుల్లోంచే రావాలి. గూడూరు, సైదాపురం చుట్టుపక్కల తెల్ల పలుగు తవ్వకాలు అందుకు సాక్ష్యం. పైగా పెట్రోలియం నుంచి వచ్చే రెసిన్ కలిసిన పలకను మళ్లీ వాడుకోవడం కష్టం. గ్రానైట్ గట్టును తీసేస్తే, దాన్ని మెట్లకో, అరుగుకో, గుమ్మానికో వాడుకోవచ్చు.

ఒక్కచోట చూస్తే

- వేడి: గ్రానైట్ స్పష్టంగా మెరుగు.
- మరక: క్వార్ట్జ్ కొంచెం మెరుగు. దట్టమైన నల్ల గ్రానైట్ దాదాపు సమానం.
- లేత రంగు, ఒకే తీరు: క్వార్ట్జ్.
- ఎండ తగిలే చోటు: గ్రానైట్ మాత్రమే.
- మరమ్మతు, తిరిగి వాడకం: గ్రానైట్.
- తెలుగు రాష్ట్రాల్లో ఖర్చు: స్థానిక గ్రానైట్.
- వాడేవారి ఆరోగ్యం: రెండూ సురక్షితం.
- కోసేవారి ఆరోగ్యం: రెండూ ప్రమాదమే. క్వార్ట్జ్ ఎక్కువ ప్రమాదం, పలుగు లేని నల్లరాయి తక్కువ.

ఇంకా తేలనివి

మూడు ప్రశ్నలకు స్థిరమైన సమాధానం రాలేదు. పొడి చేసిన గాజు వాడి సిలికా తగ్గించిన కొత్తతరం పలకలు పనివాళ్లకు నిజంగా ఎంత మేలు చేస్తాయన్నది మొదటిది. ఈ వ్యాధి బయటపడటానికే ఏళ్లు పడుతుంది కాబట్టి ఇప్పుడే చెప్పలేం. రెండోది, పోపులు, వేపుళ్లు రోజూ సాగే వంటింట్లో ముప్పై ఏళ్ల తర్వాత రెసిన్ గట్టు ఎలా ఉంటుందన్నది. క్వార్ట్జ్ మన ఇళ్లకు కొత్త కాబట్టి ఆ అనుభవం ఇంకా పోగవలేదు. మూడోది విధానానికి సంబంధించింది: నిషేధమా, కట్టుదిట్టమైన నియంత్రణా? క్వార్ట్జ్ తయారు చేసి ఎగుమతి చేసే రాష్ట్రాలకు, దిగుమతి చేసుకునే ఆస్ట్రేలియాకు ఆర్థిక ప్రయోజనాలు ఒకటి కావు. అయినా కోసే మనిషి ఊపిరితిత్తులు ఎక్కడైనా ఒకటే. చిన్న కటింగ్ షెడ్లకు నమోదు, నీటి కోత తప్పనిసరి చేయడం, పనివారికి ఏటా ఛాతీ పరీక్ష జరపడం ఏ పక్షమూ కాదనలేని కనీస చర్యలు.

తీర్పు

రోజూ ఎసట్లో అన్నం, బాణలిలో వేపుడు, పెనం మీద దోసె సాగే సగటు తెలుగు వంటింటికి దట్టమైన నల్ల గ్రానైట్ మొదటి ఎంపిక. వేడి, ఖర్చు, మరమ్మతు, కోసేవారి ఆరోగ్యం నాలుగింటిలోనూ అదే ముందుంది. లేత రంగు తప్పనిసరిగా కావాలనుకునేవారు, వేడి గిన్నె కింద స్టాండు పెట్టే అలవాటున్నవారు, ఎండ పడని మాడ్యులర్ వంటిల్లు ఉన్నవారు క్వార్ట్జ్ ఎంచుకోవడంలో తప్పులేదు. పొయ్యి ఉన్న వైపు గ్రానైట్, వడ్డన వైపు క్వార్ట్జ్ వేసుకుంటే మన్నిక, అందం రెండు పక్షాల వాదనలకూ న్యాయం జరుగుతుంది.

ఏ రాయి ఎంచుకున్నా ఒక షరతు మాత్రం అందరికీ వర్తించాలి. గట్టు కొలతలు ముందే తీయించి, అంచులు, సింక్, హాబ్ రంధ్రాలు యూనిట్‌లోనే నీటితో కోయించండి. ఇంటి దగ్గర పొడిగా గ్రైండర్ పెట్టనివ్వకండి. చిన్న సర్దుబాటు తప్పకపోతే నీళ్లు పోస్తూ కోయమనండి, సరైన మాస్కు ఇవ్వండి. ఆర్డర్ కాగితం మీద ఈ మాట రాయించండి. ఖర్చు కొద్దిగా పెరుగుతుంది, ఒక రోజు ఆలస్యమవుతుంది. కానీ మన గట్టు కోసిన మనిషి క్షేమంగా ఉండటానికి అంతకంటే తక్కువ చేయడం సరికాదు.